సైట్లో పెట్టిన ఫోటో క్లారిటీ పోకుండా ఏం చేయాలి?

"ఫోన్లో చూస్తే జరీ పోగులు కూడా కనిపిస్తున్నాయి, సైట్లో పెట్టాక అంతా అలికేసినట్టు ఉంది, ఎందుకండీ?" చెన్నైలో చీరల షాపులు, పచ్చళ్ల వ్యాపారం, కూచిపూడి క్లాసులు నడుపుకునే తెలుగువాళ్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. టి.నగర్ వాళ్లు అడిగినా, సౌకార్‌పేట వాళ్లు అడిగినా ప్రశ్న ఇదే. ఫోన్లో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే ఇద్దరికీ సుఖం కదా అని ఇది రాస్తున్నాను.

తప్పు హోస్టింగ్‌ది (సైట్ ఫైళ్లుండే అద్దె సర్వర్‌ది) అనుకుని చాలామంది ముందు ప్లాన్ మారుస్తారు. ఆ డబ్బు దండగ. ఖరీదైన హోస్టింగ్ వల్ల పేజీ త్వరగా తెరుచుకోవచ్చు గానీ ఫోటోకి ఒక్క పిక్సెల్ (బొమ్మలోని రంగు చుక్క) కూడా కలవదు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం, ఫోటో సైట్ దాకా రాకముందే చెడిపోయినవే. కాబట్టి ఏ దశలో పోయిందో పట్టుకోవడమే అసలు పని. కింద ఇచ్చిన వరుస తప్పకుండా వెళ్లండి. మొదటి మెట్టు దాటేసి నేరుగా ప్లగిన్ (సైట్‌కి తగిలించే అదనపు ప్రోగ్రామ్) సెట్టింగుల్లోకి దూకితే ఉపయోగం లేదు.

దగ్గర పెట్టుకోవలసినవి

- కెమెరా నుంచి గానీ, ఫోటో తీసిన ఫోన్ నుంచి గానీ వచ్చిన ఒరిజినల్ ఫైలు. ఇది లేకపోతే మిగతావేవీ అక్కర్లేదు.
- క్రోమ్ బ్రౌజర్ ఉన్న కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్.
- స్క్వూష్. ఫోటోలను కుదించడానికి గూగుల్ క్రోమ్ బృందం చేసిన ఉచిత టూల్, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఫోటో మీ కంప్యూటర్ దాటి ఎక్కడికీ పోదు.
- గింప్. ఫోటోలు దిద్దే ప్రోగ్రామ్, ఇదీ ఉచితమే. ఫోటోషాప్ ఉన్నవాళ్లకు దీని అవసరం లేదు.
- చివర్లో చూసుకోవడానికి ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోన్. మీ కస్టమర్లు చూసేది దాంట్లోనే.

థియరీ ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. మీ ఫైల్లో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయి, తెర ఎన్ని అడుగుతోంది, ఈ రెండు అంకెలే మొత్తం కథ. ఫోన్ తెర వెడల్పు 360 అని బ్రౌజర్ లెక్క చెబుతుంది. కానీ నేటి ఫోన్లు ఆ ఒక్కో పిక్సెల్ చోట అడ్డంగా రెండు మూడు అసలు పిక్సెళ్లు పెడతాయి. అంటే 360 అన్న చోట నిజంగా నింపాల్సింది 1080. మీ ఫైల్లో 400 మాత్రమే ఉంటే మిగతావి బ్రౌజర్ సాగదీసి నింపుతుంది. మసక అక్కడే పుడుతుంది.

1. ఒరిజినల్ తెప్పించుకోండి

చీర ఫోటో తీసేది షాపులో కుర్రాడు. వాడు వాట్సాప్‌లో ఓనర్‌కి పంపుతాడు, ఓనర్ నాకు ఫార్వర్డ్ చేస్తారు. నా దగ్గరికి చేరేసరికి 12 మెగాపిక్సెళ్ల ఫోటో, అంటే సుమారు 4000 × 3000, పొడుగు వైపు 1600కి కుదించుకుపోయి ఉంటుంది. పైగా బాగా కంప్రెస్ అయి, అంటే ఫైలు బరువు తగ్గించడానికి వివరాలు పిండేసి ఉంటుంది. దాన్ని నేను ఎంత జాగ్రత్తగా అప్‌లోడ్ చేసినా పోయిన పోగులు తిరిగి రావు.

ఫైలు పేరు చూస్తేనే ఇది తెలిసిపోతుంది. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ ద్వారా వచ్చిన ఫోటో పేరులో తేదీ పక్కన డబ్ల్యూ, ఏ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు, వాటి వెనుక ఒక నంబరు ఉంటాయి. ఆ రెండక్షరాలు కనిపించాయంటే దాన్ని పక్కన పెట్టేసి ఒరిజినల్ అడగండి.

మరి ఎలా పంపించుకోవాలి?

- వాట్సాప్‌లోనే పంపాలంటే, అటాచ్ గుర్తు నొక్కి "డాక్యుమెంట్" ఎంచుకుని ఆ ఫోటో ఫైలును పంపమనండి. అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.
- 2023లో వచ్చిన "హెచ్‌డీ" బటన్ మామూలుగా పంపడం కంటే నయం. అయినా అది ఒరిజినల్ కాదు, దాంట్లోనూ కొంత కంప్రెషన్ ఉంటుంది. తొందరలో సర్దుకోవడానికి పనికొస్తుందంతే.
- గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇవ్వడం, లేదా కేబుల్ పెట్టి కాపీ చేసుకోవడం. ఎక్కువ ఫోటోలుంటే కేబులే హాయి.

ఇన్‌స్టాగ్రామ్‌లో తామే పెట్టిన ఫోటోను మళ్లీ అక్కణ్నుంచే తీసుకుని పంపేవాళ్లు కొందరు. ఇంకొందరు గ్యాలరీలో ఫోటో తెరిచి స్క్రీన్‌షాట్ కొట్టి పంపుతారు. రెండూ వద్దు. స్క్రీన్‌షాట్‌లో వచ్చేది ఫోటో కాదు, మీ తెర మీద పట్టినంత మేర మాత్రమే.

ఐఫోన్ వాళ్లకు ఇంకో చిక్కు: ఐఓఎస్ 11 నుంచి ఫోటోలు హెచ్ఈఐసీ అనే రకంలో సేవ్ అవుతున్నాయి. కొన్ని సైట్లు వాటిని తీసుకోవు. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ "మోస్ట్ కంపాటిబుల్" పెట్టేస్తే ఆ తర్వాత తీసేవన్నీ జేపీజీలుగా వస్తాయి.

*సరిచూసుకోండి:* కంప్యూటర్‌లో ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్. వెడల్పు, ఎత్తు రెండూ వేలల్లో ఉండాలి. వందల్లో ఉంటే వెనక్కి పంపేయండి, మొహమాటపడొద్దు.

2. ఒరిజినల్లోనే క్లారిటీ ఉందా?

ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి 100 శాతానికి జూమ్ చేయండి. చీర అంచు మీదో, పచ్చడి సీసా లేబుల్ మీదో కళ్లు పెట్టండి. అక్కడ మసకగా ఉంటే ఫోటో మళ్లీ తీయడమొక్కటే దారి. మసకను పోగొడతామనే యాప్‌లు లేని దారాలను ఊహించి గీస్తాయి. మొహాలకైతే ఏదోలే అనుకోవచ్చు గానీ, అమ్మే వస్తువు మీద అలా గీయడం కొనేవాళ్లను మోసం చేయడమే అంటాను.

చెన్నైలో ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. ఏసీ షోరూమ్‌లోంచి ఫోన్ తీసుకుని వెలుతురు కోసం మేడ మీదికి వెళ్లగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. ఇక్కడి ఉక్కపోతకు ఇది మామూలే. ఫోటో మీద పల్చటి పొగ కమ్మినట్టు వస్తుంది, ఆ చిన్న తెర మీద పట్టుకోవడం కష్టం. కొన్ని నిమిషాలు ఆగి, ఫోన్ బయటి వేడికి అలవాటు పడ్డాక, మెత్తటి పొడి గుడ్డతో తుడిచి తీయండి. అలాగే వేళ్లతో జూమ్ చేసి తీయకండి. దగ్గరికి నడవండి.

3. ఎంత వెడల్పు కావాలో తేల్చుకోండి

మీ సైట్‌ను క్రోమ్‌లో తెరవండి. ఇప్పటికే ఉన్న ఏదో ఒక ఫోటో మీద రైట్ క్లిక్ చేసి "ఇన్‌స్పెక్ట్" నొక్కండి. పక్కన కోడ్ తెరుచుకుంటుంది, కంగారు పడకండి. అందులో ఫోటో చిరునామా మీద మౌస్ ఆనిస్తే ఒక చిన్న పెట్టె వస్తుంది. "రెండర్డ్ సైజ్" అంటే పేజీలో ఫోటో ఆక్రమించిన చోటు. "ఇంట్రిన్సిక్ సైజ్" అంటే ఫైల్లో నిజంగా ఉన్న కొలత. రెండర్డ్ వెడల్పును రెండుతో గుణించండి. మీకు కావలసిన వెడల్పు అదే.

వ్యాసం మధ్యలో వచ్చే ఫోటోకి ఆ చోటు 700 ఉంటే 1400 సరిపోతుంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిచే బ్యానర్‌కి 1920 నుంచి 2560 మధ్య. జూమ్ చేసి చూసే ప్రోడక్ట్ ఫోటోకి 2048 × 2048 చతురస్రం. ఆన్‌లైన్ షాపులకు సైట్లు ఇచ్చే షాపిఫై వాళ్లు సిఫారసు చేసే కొలత కూడా ఇదే.

"ఎందుకైనా మంచిదని 6000 పెట్టేస్తే?" వద్దు. మన సైట్లు చాలావరకు నడిచే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్. అది 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి, వెడల్పు గానీ ఎత్తు గానీ 2560 దాటిన జేపీజీని తనే కుదించి మళ్లీ కంప్రెస్ చేస్తుంది. ఫైలు పేరు చివర "స్కేల్డ్" అన్న ఇంగ్లీషు మాట చేరుతుంది. మీ ఒరిజినల్ సర్వర్లో ఊరికే పడి ఉంటుంది, కస్టమర్‌కి కనిపించేది వర్డ్‌ప్రెస్ చేసిన కాపీ. 2560 లోపు మీరే కుదించి పెడితే ఫుల్ సైజ్ ఫైలు మీరిచ్చినట్టే ఉంటుంది.

72 డీపీఐ (అంగుళానికి చుక్కలు) పెట్టాలా, 300 పెట్టాలా అని అడుగుతుంటారు. ఏదైనా పెట్టుకోండి, బ్రౌజర్ దాన్ని చూడనే చూడదు. అది ప్రింటింగ్ ప్రెస్ వాళ్ల గొడవ.

4. కుదించండి, ఆ తర్వాతే షార్ప్ చేయండి

స్క్వూష్‌లో ఫోటో వదిలి, "రీసైజ్" ఆన్ చేసి వెడల్పు ఇవ్వండి. పద్ధతి దగ్గర లాంక్జోస్3 ఉంటుంది, దాన్ని కదపొద్దు. చాలా ఫోటోలకు ఇది చాలు.

కుదించినప్పుడు అంచులు కాస్త మెత్తబడతాయి. నేత, నగిషీ ఉన్న వస్తువులైతే గింప్‌లో కుదించి, ఫిల్టర్స్, ఎన్‌హాన్స్, షార్పెన్ (అన్‌షార్ప్ మాస్క్)కి వెళ్లి రేడియస్ 0.6 దగ్గర, అమౌంట్ 0.5 దగ్గర మొదలుపెట్టండి. అంచుల పక్కన తెల్ల గీత కనబడితే ఎక్కువైనట్టే, తగ్గించండి. కుదించకముందు షార్ప్ చేస్తే ఆ శ్రమ కుదింపులో కొట్టుకుపోతుంది.

సన్నటి జరీ గళ్లున్న పట్టుచీరలతో ఒక పేచీ ఉంది: కుదించగానే లేని అలలు, వలయాలు కనబడతాయి. దీన్ని మోయిరే అంటారు. షార్పెనింగ్ దాన్ని పెంచుతుంది, తగ్గించదు. కెమెరాను కాస్త పక్కకో వెనక్కో జరిపి మళ్లీ తీయడమే తేలిక.

5. ఏ రకంగా సేవ్ చేయాలి

మామూలు ఫోటోలకు జేపీజీ, క్వాలిటీ 80 నుంచి 85. లేదా వెబ్‌పీ (జేపీజీ లాంటిదే ఇంకో ఫైలు రకం), వర్డ్‌ప్రెస్ 2021లో వచ్చిన 5.8 నుంచి దాన్ని తీసుకుంటోంది. ఫోటోని పీఎన్‌జీగా సేవ్ చేస్తే క్లారిటీ కంటికి తెలిసేంత పెరగదు, ఫైలు మాత్రం ఎన్నో రెట్లు బరువెక్కుతుంది.

ఎరుపు దగ్గర జాగ్రత్త. జేపీజీ మామూలుగా వెలుతురు వివరాలను బాగానే ఉంచి, రంగు వివరాలను అడ్డంగా సగానికి, నిలువుగా సగానికి తగ్గించేస్తుంది. ఆకుపచ్చ చీరకు ఎర్ర అంచు ఉంటే రెండు రంగులు కలిసేచోట చెమ్మ పాకినట్టు అవుతుంది. గింప్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో సబ్‌శాంప్లింగ్ దగ్గర 4:4:4 (రంగు వివరాలు తగ్గించొద్దని) ఎంచుకోండి. ఫైలు కాస్త పెరుగుతుంది, అంచు నిలబడుతుంది. మామూలు వెబ్‌పీలో ఈ వెసులుబాటు లేదు. అందుకే కంచి పట్టు క్లోజప్‌లకు నేను జేపీజీనే వాడతాను.

ఇక పోస్టర్లు. తమిళుల ఆడి మాసం, అంటే డిస్కౌంట్ల కాలం వచ్చిందంటే ప్రతి షాపు నుంచీ రెండు వస్తాయి, ఒకటి తమిళంలో, ఒకటి తెలుగులో. ఫోటో మీద పెద్ద పెద్ద అక్షరాలు, కింద సన్నటి షరతులు. "కొత్త స్టాక్ వచ్చింది" అన్న మూడు మాటల్లో చూడండి: "త్త" కింద ఒత్తు, "స్టా" కింద ఒత్తు, "చ్చిం" కింద ఒత్తు. అసలు అక్షరంలో సగం కూడా ఉండవు అవి. జేపీజీ బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి కంప్రెస్ చేస్తుంది. ఒత్తు మొత్తం అలాంటి ఒకటి రెండు గడుల్లో ఇరుక్కుంటుంది. దాంతో గీతల చుట్టూ మురికి మచ్చలు పడతాయి, తలకట్టు పక్కనున్న అక్షరంలో కలిసిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఆ దెబ్బను తట్టుకుంటాయి, మన ఒత్తులు తట్టుకోవు.

కాబట్టి అక్షరాలున్న పోస్టర్‌ను పీఎన్‌జీగా గానీ, స్క్వూష్‌లో వెబ్‌పీకి "లాస్‌లెస్" (ఏ వివరమూ పోనివ్వని పద్ధతి) టిక్ పెట్టి గానీ సేవ్ చేయండి. అంతకంటే మంచిది, ఫోటోను ఒట్టిగా పెట్టి, మాటలను పేజీలోనే టైప్ చేయడం. ఎంత జూమ్ చేసినా చెదరవు, పైగా గూగుల్‌లో వెతికినప్పుడు దొరుకుతాయి. డిజైనర్ ఒప్పుకోకపోతే కనీసం షరతుల ముక్కనైనా బయటికి తీయించండి.

లోగో మాత్రం ఎస్‌వీజీ (చుక్కలుగా కాక గీతల లెక్కగా దాచే ఫైలు రకం) అయితే ఏ సైజులోనైనా పదునుగా ఉంటుంది. వర్డ్‌ప్రెస్ దాన్ని నేరుగా తీసుకోదు, సైట్ చేసినవాళ్లను అడగండి.

6. అప్‌లోడ్ దగ్గర జరిగే పొరపాట్లు

*చిన్నది ఎంచుకుని సాగదీయడం.* వర్డ్‌ప్రెస్ ప్రతి ఫోటోకి 150, 300, 768, 1024 ఇలా చాలా కాపీలు చేస్తుంది. పేజీలో పెట్టేటప్పుడు "మీడియం" ఎంచుకుంటే మీకు దక్కేది 300 కాపీ. మూల పట్టుకుని లాగితే పెద్దదవుతుంది, మసకా అవుతుంది. ఫోటో మీద నొక్కి కుడివైపు సెట్టింగుల్లో "రిజల్యూషన్" దగ్గర "లార్జ్" లేదా "ఫుల్ సైజ్" పెట్టండి.

*వూకామర్స్ (వర్డ్‌ప్రెస్‌లో షాపు నడిపే ప్లగిన్) లిస్టు పేజీ.* చీర పేజీలో ఫోటో బాగుంటుంది, పదిహేను చీరలు వరుసగా వచ్చే పేజీలో మాత్రం అన్నీ మసక. దీనికి కారణం, అక్కడి చిన్న బొమ్మల వెడల్పు మొదటి నుంచీ 300 అని పెట్టి ఉండటం. ఫోన్లో వరుసకి రెండు చీరలు పడితే ఒక్కోదానికి 170 దాకా చోటు. మూడు రెట్లు పిక్సెళ్లున్న తెరకి 510 కావాలి. కస్టమైజ్‌లో వూకామర్స్, ప్రోడక్ట్ ఇమేజెస్‌కి వెళ్లి థంబ్‌నెయిల్ వెడల్పు 600 చేయండి. ఆ గడి కనిపించకపోతే మీ థీమే (సైట్‌కి రూపమిచ్చే డిజైన్) దాన్ని బిగించి పెట్టిందని అర్థం. ఫోటోలను ముందే మీరు చతురస్రంగా కత్తిరించి పెడితే ఇంకా మంచిది. ఆకారం ఒకటే అయితే పెద్ద తెర దొరికినప్పుడు బ్రౌజర్ పెద్ద కాపీని తీసుకోగలదు. నిలువు ఫోటోను వూకామర్స్ కత్తిరిస్తే, ఆ కత్తిరించిన ఆకారంలో పెద్ద కాపీలు ఉండకపోవచ్చు.

*రెండుసార్లు కంప్రెషన్.* మీరు 80లో సేవ్ చేస్తారు, వర్డ్‌ప్రెస్ తన కాపీలను 82లో చేస్తుంది, దాని మీద ఒక ఆప్టిమైజర్ ప్లగిన్ "అగ్రెసివ్" అని ఇంకోసారి పిండుతుంది. ప్లగిన్ ఉంటే మీరు 90లో ఇవ్వండి, లేదా ప్లగిన్‌ను లాస్‌లెస్‌లో పెట్టండి. రెండు ఆప్టిమైజర్లు ఒకేసారి ఉన్న సైట్లు కూడా చూస్తుంటాను. ఒకటి పీకేయండి.

*గూగుల్ వాళ్ల బ్లాగర్ వాడేవాళ్లు.* ఫోటో మీద నొక్కి సైజ్ "ఒరిజినల్" పెట్టండి. పాత టపాల్లో ఫోటో చిరునామా మధ్యలో ఎస్ అక్షరం వెనుక 320 అని ఉంటుంది. ఆ అంకెను 1600 చేస్తే పెద్దది వస్తుంది. మళ్లీ అప్‌లోడ్ చేయనక్కర్లేదు.

7. పని అయిందో లేదో చూసుకోవడం

పేజీని కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కి రీలోడ్ చేయండి. లేకపోతే బ్రౌజర్ దాచుకున్న పాత ఫోటోనే చూసి "ఏమీ మారలేదు" అంటారు. సైట్‌కి క్యాష్ ప్లగిన్ (పేజీల కాపీలు దాచేది) గానీ సీడీఎన్ (ఫోటోల కాపీలను వేరే సర్వర్ల నుంచి పంపే సేవ) గానీ ఉంటే దాన్నీ ఖాళీ చేయాలి. బ్రౌజర్ జూమ్ 100లో ఉందో లేదో చూడండి. 150లో పెట్టుకుని మసక అని టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మళ్లీ ఇన్‌స్పెక్ట్. ఇంట్రిన్సిక్ అంకె రెండర్డ్ అంకె కంటే చిన్నదైతే తప్పు కొలతలో ఉంది: 3 లేదా 6వ మెట్టుకు వెళ్లండి. తగినంత పెద్దదే, అయినా మసకగా ఉందంటే కంప్రెషన్ గానీ ఒరిజినల్ గానీ కారణం. అది తేల్చడానికి సైట్లోని ఫోటో మీద రైట్ క్లిక్ చేసి సేవ్ చేసుకుని, మీరు అప్‌లోడ్ చేసిన ఫైలు పక్కన పెట్టి రెండింటినీ 100 శాతంలో ఒకే చోట చూడండి. రెండూ ఒకేలా ఉంటే సైట్ తప్పు లేదు, 2వ మెట్టు. సైట్లోది మాత్రమే పాడైతే ప్లగిన్.

రంగులు వెలిసినట్టుంటే అది క్లారిటీ సమస్య కాదు. ఫోటో అడోబీ ఆర్‌జీబీ లాంటి రంగుల పద్ధతిలో ఉండి, దారిలో ఆ సమాచారం ఊడిపోయి ఉంటుంది. వెబ్‌లో మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీలోకి మార్చి సేవ్ చేసి మళ్లీ పెట్టండి.

పేజీ తెరిచిన మొదటి క్షణంలో మసకగా ఉండి తర్వాత సర్దుకుంటే అది లేజీ లోడింగ్, అంటే ఫోటోను కావలసినప్పుడే తెప్పించే పద్ధతి. దాన్ని అలా వదిలేయండి.

చివరగా ఆ మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని, వైఫై ఆపి, మొబైల్ డేటా మీద పేజీ తెరవండి. ఫోటో పదునుగా ఉండి, రావడానికి ఆలస్యమైతే క్వాలిటీని 80 నుంచి 75కి దించి చూడండి, వెడల్పును మాత్రం తగ్గించకండి. ఫోన్ తెర మీద ఆ అయిదు తేడా కంటికి ఆనడం అరుదు, వెడల్పు తగ్గితే మాత్రం వెంటనే తెలుస్తుంది.

పాత ఫోటోలు వందలున్నాయి, ఏం చేయాలి?

థీమ్ మార్చాక మసకబారినవైతే "రీజెనరేట్ థంబ్‌నెయిల్స్" ప్లగిన్ ఒకసారి నడిపితే కొత్త కొలతల్లో కాపీలు తయారవుతాయి. అయితే అది సర్వర్లో ఉన్న ఫైలు నుంచే చేస్తుంది. వాట్సాప్ ఫోటో పెట్టి ఉంటే వాట్సాప్ ఫోటో కాపీలే వస్తాయి. అలాంటివాటికి ఒరిజినల్స్ వెతికి మార్చడమే దారి. అన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఎక్కువగా అమ్ముడయ్యే చీరలు, హోమ్ పేజీలో ఉన్నవి ముందు మార్చండి. స్టాక్ అయిపోయిన చీరల ఫోటోలకు ఆ శ్రమ దండగ. కొత్త ఫైలుకు పాత పేరే పెట్టి ఉంటే సీడీఎన్ పాతదాన్నే కొన్ని రోజులు చూపించవచ్చు, కాబట్టి పేరు చివర ఒక 2 చేర్చండి.